మూడు దెబ్బలు కొట్టిన నీళ్ళ పైపు

దేన్నయినా కొలిచి చూసేదాకా నేను నమ్మను. దెయ్యాల విషయంలో కొలవడానికి కూడా ఏమీ దొరకదు కాబట్టి వాటి గురించి ఆలోచించడమే దండగ అనుకునేవాణ్ణి. ఎవరైనా ఆ కబుర్లు మొదలుపెడితే "ఎంత దూరంలో కనిపించింది? ఎంతసేపు కనిపించింది?" అని అడిగేవాణ్ణి. సూటిగా జవాబు చెప్పినవాళ్ళు ఒక్కరూ లేరు. నాకు జరిగినదానికి మాత్రం దూరం, సమయం రెండూ రాసిపెట్టుకున్నాను. అవి ఉన్నా నాకు ఒరిగిందేమీ లేదు.

మాది గుడివాడ. పదో తరగతితో చదువు ఆపేశాను. ఆ తర్వాత వచ్చిన లెక్కలన్నీ నా అంతట నేను నేర్చుకున్నవే. ఇల్లు కట్టుకునేవాళ్ళకి ఇటుకలెన్ని పడతాయి, శ్లాబుకి సిమెంటు ఎన్ని బస్తాలు కావాలి, ఇనుము ఎంత పడుతుంది, ఇవి లెక్క కట్టి ఇవ్వడం నా పని. తాపీమేస్త్రీలు నన్ను మాస్టారూ అంటారు. నేనెప్పుడూ ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. అయినా ఆ పిలుపు బాగానే ఉండేది.

ఇది తొంభైల చివర్లో సంగతి. మా అమ్మాయి బందరులో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. నేను, నా భార్య సుగుణ ఒక అద్దె డాబా ఇంట్లో ఉండేవాళ్ళం. ఆ ఇంట్లో నీళ్ళ ఏర్పాటు ఎలా ఉండేదో ముందు చెప్పాలి.

మున్సిపాలిటీ నీళ్ళు పొద్దున గంటసేపు వచ్చి పెరట్లో సంపులో పడేవి. సంపు పక్కన అర హార్స్‌పవర్ మోటారు. అక్కడ బయల్దేరిన ఇనప పైపు పదకొండు అడుగులు మట్టికింద వెళ్ళి, వెనక గోడ దగ్గర పైకి లేచి, డాబా మీది ఐదొందల లీటర్ల టాంకులో పడేది. గోడ వెంట వెళ్ళే ఆ పైపుకే మధ్యలో బాత్రూంలోకి ఒక కుళాయి ఇచ్చారు. డాబాకి మెట్లు లేవు. వెదురు నిచ్చెన వేసుకుని ఎక్కాలి.

ఆ టాంకు నిండటానికి ఇరవై నిమిషాలు పట్టేది. ఆ వేసవి చివర్లో ఇరవై ఐదు నిమిషాలు పట్టడం మొదలైంది. అంటే నిమిషానికి ఐదు లీటర్లు ఎక్కడో పోతున్నాయి. టాంకు నిండేసరికి నూట పాతిక లీటర్లు.

ముందు కుళాయిలు చూశాను. వంటింటి కుళాయి కారుతుంటే వాషరు మార్చాను. బాత్రూం కుళాయి దగ్గర మర వదులైతే దారం చుట్టి, తెల్లరంగు పూసి బిగించాను. సంపులో నీళ్ళని ఆపే బంతి సరిగ్గా లేవకపోతే దాని కమ్మీ వంచి సరిచేశాను. ఇవన్నీ చేశాక కూడా టాంకుకి ఇరవై ఐదు నిమిషాలే. అప్పుడు పెరట్లో ఒకచోట మట్టి ఎప్పుడూ చెమ్మగా ఉండటం గమనించాను. మట్టికింద ఉన్న పైపు తుప్పు పట్టి చిల్లులు పడిందన్నమాట.

"ఏసోబు గార్ని పిలవండి" అంది సుగుణ.

ఏసోబు మా పేటలో పాతకాలపు కుళాయిల మేస్త్రి. ఆ ఇంటికి మొదట పైపులు వేసింది కూడా ఆయనే. నాకు ముఖపరిచయం మాత్రమే.

"రెండు కొలతలు, రెండు జాయింట్లు. దీనికి ఇంకో మనిషెందుకు?" అన్నాను.

"మీకు కొలతలొచ్చు. పైపులొచ్చా?"

"పైపంటే ఏముంది, పొడవూ వెడల్పేగా."

ఆదివారం నాడు మట్టి తవ్వి, ఆ పదకొండు అడుగుల ఇనప పైపు కోసి తీసేశాను. దాని స్థానంలో ప్లాస్టిక్ పైపు వేశాను. అప్పుడప్పుడే అందరూ ప్లాస్టిక్‌కి మారుతున్నారు. తుప్పు పట్టదు, తేలిక. మోటారు బోర్డు నుంచి వచ్చే ఎర్త్ వైరు గోడ పైపుకి చుట్టి ఉంది. దాన్ని నేను ముట్టుకోలేదు. మట్టి కప్పి మోటారు వేస్తే సరిగ్గా ఇరవై నిమిషాల్లో టాంకు నిండింది. ఆ రోజు భోజనం దగ్గర సుగుణకి ఆ ఇరవై నిమిషాల సంగతి మూడుసార్లు చెప్పాను. మూడోసారి ఆవిడ "సరే, పప్పు వేసుకోండి" అంది.

మర్నాడు పొద్దున దెబ్బలు మొదలయ్యాయి.

మోటారు వేసిన కాసేపటికి గోడ పైపులో ఎవరో ఇనుముతో కొట్టినట్టు ఒక దెబ్బ. కాస్త ఆగి, వెంటవెంటనే మరో రెండు. టంగ్. టంగ్ టంగ్. అంతే. బాత్రూం కుళాయి దగ్గర బాగా వినిపించేది.

పైపులో గాలి చిక్కుకుంటే అలా కొడుతుందని నాకు తెలుసు. కుళాయి తెరిచి గాలి వదిలాను. మంగళవారం మళ్ళీ వచ్చింది. గోడకి పైపుని పట్టి ఉంచే క్లాంపులు నాలుగున్నాయి. నాలుగూ బిగించాను. బుధవారం మళ్ళీ వచ్చింది. అప్పుడు నోటుపుస్తకం తీసి రాయడం మొదలుపెట్టాను. మోటారు వేశాక ఎన్ని సెకన్లకి వచ్చింది, ఎన్ని దెబ్బలు, మధ్యలో ఎడం ఎంత. సెకన్లు రోజుకో రకంగా ఉన్నాయి. దెబ్బలు మాత్రం ఎప్పుడూ మూడే. మొదటిదానికీ రెండోదానికీ మధ్య మామూలుగా రెండు అంకెలు లెక్కపెట్టేంత ఎడం. రెండోదానికీ మూడోదానికీ మధ్య అసలు ఎడమే లేదు.

గురువారం మధ్యాహ్నం మోటారు వేయకుండానే వచ్చింది. సుగుణ పెరట్లో గిన్నెలు తోముతోంది. నేను అరుగు మీద ఉన్నాను. ఇద్దరం విన్నాం.

"ఇదీ గాలేనా?" అంది.

"ఎండకి ఇనుము సాగుతుంది."

ఆవిడ తలెత్తి ఆకాశం వైపు చూసింది. పొద్దుట్నుంచీ మబ్బు పట్టి ఉంది. మళ్ళీ గిన్నెలు తోముకుంది. నేను పుస్తకంలో "మబ్బు" అని రాశాను.

ఆ రాత్రి పెద్ద వాన కురిసింది. తెల్లారేసరికి పెరడంతా నీళ్ళు. మోటారు మీద బోర్లించిన రేకు డబ్బా పక్కకి ఒరిగి ఉంది. శ్రావణ శుక్రవారం. సుగుణ తలంటు పోసుకుని పూజ చేసుకోవాలి. నేను వరండాలో మోటారు స్విచ్ వేశాను. మోటారు గూమని మూలిగింది గానీ తిరగలేదు. మా ఊళ్ళో పొద్దుటిపూట వోల్టేజి తక్కువగా ఉండటం మామూలే. స్విచ్ అలాగే ఉంచి, వోల్టేజి పుంజుకున్నాక అదే తిరుగుతుందని ఊరుకున్నాను. మాకందరికీ అలవాటే అది.

సుగుణ బకెట్ పట్టుకుని బాత్రూంలోకి వెళ్ళింది. దెబ్బలు వినిపించాయి. మూడు. వెంటనే ఇంకో మూడు. ఇంకో మూడు. అలా వరసగా రావడం అదే మొదటిసారి.

సుగుణ ఖాళీ బకెట్‌తో బయటికి వచ్చేసింది.

"ఆ కుళాయి నేను ముట్టుకోను."

"ఏమైంది?"

"చెయ్యి పెట్టబోతే కొడుతోంది. తీస్తే ఆగుతోంది. మళ్ళీ పెట్టబోతే మళ్ళీ. పండగపూట నాకీ గోలేంటండీ. ఏసోబు గార్ని తీసుకొస్తారా, నన్ను వెళ్ళమంటారా?"

నేను స్విచ్ ఆపేశాను. సుగుణ పక్కింటివాళ్ళ దగ్గర రెండు బిందెల నీళ్ళు తెచ్చుకుని స్నానం చేసింది. నేను సైకిలేసుకుని ఏసోబు ఇంటికి వెళ్ళాను.

ఆయన పది గంటలకి వచ్చాడు. అరవై దగ్గర పడిన మనిషి, సన్నగా, పొడుగ్గా ఉంటాడు. నేను ప్లాస్టిక్ పైపు వేసిన సంగతి, ఇరవై నిమిషాల సంగతి చెప్పాను. దెబ్బల గురించి "ఏదో చప్పుడు వస్తోంది" అని మాత్రం అన్నాను. ఎన్ని దెబ్బలో, ఎలా వస్తాయో చెప్పలేదు. ఆయనే కనిపెడతాడో లేదో చూద్దామని నా ఉద్దేశం.

"బాగానే చేశారు మాస్టారూ. ఇంక మేము ఈ పని మానేసి వలలు అల్లుకోవచ్చు" అని నవ్వి, చెప్పులు బయట విడిచి బాత్రూంలోకి వెళ్ళాడు. నేల తడిగా ఉంది. "మోటారు వెయ్యండి."

వేశాను. మళ్ళీ గూమని మూలుగే. తిరగలేదు. కాబట్టి పైపులో నీళ్ళు కదలడం లేదు. ఇది ముఖ్యం. నీళ్ళు కదలనప్పుడు నీళ్ళ వల్ల దెబ్బ రాదు.

నేను బాత్రూం గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాను. ఏసోబు కుళాయి వైపు చెయ్యి చాపాడు. నాకూ ఆయనకీ మధ్య నాలుగడుగులు. పైపు నాకు పూర్తిగా కనిపిస్తోంది.

టంగ్. టంగ్ టంగ్.

ఆయన చెయ్యి వెనక్కి లాగేసుకున్నాడు. ఉలిక్కిపడి తీసినట్టు లేదు. పైనుంచి పిలిస్తే మాట విని తీసినట్టు తీశాడు. ఆ పైన తన చేతి వైపు తనే చూసుకున్నాడు.

"డాబా మీద ఎవర్ని ఎక్కించారు?"

"ఎవరూ లేరు."

"ఎవరూ లేకపోవడమేంటండీ."

నిచ్చెన చూపించాను. పెరట్లో గోడవార నేల మీద అడ్డంగా పడి ఉంది. రాత్రి వాన నీళ్ళు దాని వెదురు గడల చిల్లుల్లో ఇంకా నిలిచే ఉన్నాయి. దాన్ని ఎవరూ లేపలేదు.

ఏసోబు బాత్రూం దగ్గరికి తిరిగి వచ్చాడు. జేబులోంచి కరెంటు చూసే టెస్టరు తీశాడు. గుమ్మంలో ఉన్న ఎండు చెక్కపీట ఎక్కి, టెస్టరు మొన కుళాయికి ఆనించాడు. లోపలి బల్బు ఎర్రగా వెలిగింది. మా బోర్డులో ప్లగ్గులో పెడితే ఎంత వెలుగుతుందో అంత వెలిగింది.

"ఆపండి. మాస్టారూ, ఆపండి ముందు!"

ఆపేశాను. తర్వాత ఆయన ఎర్త్ వైరు వెంట వెతుక్కుంటూ వెళ్ళాడు. మోటారు బోర్డు నుంచి గోడ పైపు దాకా, గోడ పైపు నుంచి నేల దాకా. నేల దగ్గర ఇనప పైపు ఆగిపోయి ప్లాస్టిక్ పైపు మొదలైనచోట కూర్చుండిపోయాడు.

"ఇక్కడి ఇనప పైపు ఏదండీ?"

"తీసేశాను. చెప్పాను కదా."

"నీళ్ళ పైపు తీశానన్నారు. ఎర్తు తీశానని చెప్పలేదు."

ఆ ఇల్లు కట్టినప్పుడు మోటారుకి వేరే ఎర్త్ గుంత తియ్యలేదు. మట్టిలో ఉన్న ఆ పదకొండు అడుగుల ఇనుమే ఎర్త్. మోటారులో కరెంటు లీకైతే ఆ వైరు గుండా గోడ పైపుకి వచ్చి, అక్కణ్ణించి మట్టిలోకి దిగిపోయేది. నేను మట్టిలో ఉన్న ముక్క తీసేసి, వైరు మాత్రం గోడ పైపుకి అలాగే ఉంచాను. వానకి మోటారు తడిసింది. లీకైన కరెంటుకి ఇప్పుడు దిగడానికి దారి లేదు. బాత్రూం కుళాయి దాకా వచ్చి కూర్చుంది. తడి నేల మీద నిలబడి దాన్ని పట్టుకున్న మనిషి గుండానే దిగాలి.

పొద్దున ఆ మనిషి సుగుణే కావలసింది.

ఆవిడ వంటింటి గడప మీద కూర్చుని అంతా వింటోంది. తల ఇంకా తడిగానే ఉంది. కుడిచెయ్యి ఎత్తి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక అంగుళం ఎడం పెట్టి కుళాయికీ తన చేతికీ మధ్య మిగిలిన దూరం నాకు చూపించింది. ఇప్పటికీ ఆ అంగుళాన్ని నేను ఏ కొలతతోనూ పోల్చలేను.

మంచినీళ్ళు తాగాక ఏసోబు అడిగాడు. "ఈ చప్పుడు ఎన్నాళ్ళ నుంచి వస్తోంది?"

పుస్తకం తెచ్చి చదివాను. ప్లాస్టిక్ పైపు వేసిన మర్నాటి నుంచి. మొదట ఒకటి. రెండు అంకెల ఎడం. వెంటవెంటనే రెండు. ఆయన సంచిలోంచి పానా తీసి, నన్ను పుస్తకం చూస్తూ ఉండమని, గుమ్మం ఇనప కమ్మీ మీద కొట్టి చూపించాడు. ఎడం కూడా సరిపోయింది.

"ఇది మా దావీదు కొట్టేది" అన్నాడు.

దావీదు ఆయన బావమరిది. దివిసీమలో నాగాయలంక వాడు. ఇరవై ఏళ్ళు ఇద్దరూ కలిసి పని చేశారట. పైపులు వేసేటప్పుడు ఒకళ్ళు డాబా మీద, ఒకళ్ళు కింద ఉంటారు. అరిస్తే వినపడదు. అందుకని పైన ఉన్నవాడు పానాతో పైపు మీద కొట్టి కిందివాడికి చెబుతాడు. ఒకటి కొడితే నీళ్ళు వదులు. రెండు కొడితే ఇక్కడ కట్టేశాను. ఈ రెండూ చాలామంది మేస్త్రీలు వాడేవే. మూడోది మాత్రం వీళ్ళిద్దరికే తెలుసు. ఒకసారి ఏదో ఊళ్ళో ఏసోబు చెయ్యి జాయింటులో నలిగిందట. అప్పట్నుంచి దావీదు అది పెట్టాడు. ఒకటి కొట్టి, ఆగి, రెండు కొడితే "చెయ్యి తీసెయ్, ఏదీ ముట్టుకోకు" అని.

"ఈ ఇంటికి పైపులు వేసినప్పుడు ఆ టాంకు దగ్గర ఉన్నది వాడేనండీ" అన్నాడు.

"ఇప్పుడెక్కడున్నాడు?"

"పోయిన క్రిస్మస్‌కి ముందు పోయాడు. జ్వరం. వాళ్ళింట్లోనే, మంచం మీద."

ఆ రోజే ఒక ఎలక్ట్రీషియన్ని పిలిపించాడు. పెరట్లో గుంత తీసి, బొగ్గూ ఉప్పూ వేసి, ఇనప కడ్డీ దించి, మోటారుకి విడిగా ఎర్త్ ఇచ్చారు. మోటారు విప్పి ఆరబెట్టారు. మూడుసార్లు టెస్టరు పెట్టి చూశాక, ముందు ఏసోబే కుళాయి పట్టుకున్నాడు. తర్వాత సుగుణ. వెళ్ళేముందు ఆయన గోడ దగ్గరికి వెళ్ళి పానాతో పైపు మీద రెండు దెబ్బలు కొట్టాడు. కట్టేశాను అని. తిరిగి ఏ చప్పుడూ రాలేదు. ఆ ఇంట్లో తర్వాత మేము నాలుగేళ్ళు ఉన్నాం. మళ్ళీ ఎప్పుడూ రాలేదు.

ఇది చదివేవాళ్ళకి ఒక మాట చెప్పాలి. వాషరు మార్చుకోండి, వదులైన మర బిగించుకోండి, ఎవరూ కాదనరు. మట్టిలో ఉన్న పైపు, మోటారుకి తగిలి ఉన్న పైపు, గోడలోపలికి వెళ్ళిన పైపు జోలికి మాత్రం పని తెలిసినవాళ్ళని పిలవకుండా వెళ్ళకండి. నేను నీళ్ళని సరిగ్గానే కొలిచాను. ఆ పైపు నీళ్ళు మొయ్యడం కాక ఇంకేం పని చేస్తోందో నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. ఏసోబు అయితే మొదటి నిమిషంలోనే చూసేవాడు.

దెబ్బల సంగతి చాలామందిని అడిగాను. మోటారు మూలిగినప్పుడు పైపు అదిరి ఉంటుందని మిల్లులో పనిచేసే ఒక ఇంజినీరు అన్నాడు. కావచ్చు. కానీ మూలుగు ఆగకుండా వస్తుంది, మూడు దగ్గర ఆగదు. గురువారం మోటారు ఆపి ఉంది. మధ్యలో ప్లాస్టిక్ ఉంటే ఆ అదురు గోడ దాకా అంత గట్టిగా రాదు. పైగా మోటారు తడవకముందే, ఏ ప్రమాదమూ లేని రోజుల్లోనే అవి మొదలయ్యాయి. ఒక్కో సంగతికి ఒక్కో కారణం చెప్పగలను. అన్నీ కలిపి చెప్పమంటే నా దగ్గర ఏమీ లేదు.

ఆ కార్తీకంలో సుగుణ పట్టుబట్టి నన్ను నాగాయలంక తీసుకెళ్ళింది. ఏసోబు కూడా వచ్చాడు. బస్సు దిగి చాలా దూరం నడిచాం. దావీదు భార్య మరియమ్మ అప్పుడే వీధి కుళాయి నుంచి నీళ్ళు మోసుకొస్తోంది. నడుము మీద ఒక బిందె, చేతిలో ఒక బకెట్. సుగుణ ఎదురెళ్ళి బకెట్ అందుకుంది.

అరుగు మీద కూర్చున్నాక సుగుణే అంతా చెప్పింది. అంగుళం ఎడం కూడా చూపించింది. మరియమ్మ మధ్యలో ఆపలేదు. ఏడవలేదు. మేము ఏదో కల్పించి చెబుతున్నామని కూడా అనుకున్నట్టు లేదు. అంతా అయ్యాక కొంగుతో చేతులు తుడుచుకుని, "మీకు మంచి జరిగింది, అంతే చాలమ్మా" అంది.

ఆ తర్వాత నా వైపు తిరిగింది.

"ఈ పదకొండు నెలలూ నేనూ చెవులప్పగించి కూర్చున్నానండీ, ఏదన్నా ఒక మాట వినపడుద్దేమోనని. ఏమీ లేదు. ఊరంతా పైపులు వేశాడు గానీ మా ఇంటికి వేసుకోలేదు. ఆయన కొడదామన్నా ఈ ఇంట్లో పైపేదండీ?"

అలా అని చిన్నగా నవ్వింది. ఏసోబు తల దించుకున్నాడు.